నీళ్ళు పోసి రుద్దేది: మన ఇంటి పని కథ

ఈ బ్లాగులో ఇంతవరకు ఊరు, ఇంటిపేరు, పాత పెళ్ళి పత్రికలు, అవ్వ చేసే వంటలు అన్నీ రాసుకున్నాం. మూడు తరాలు మనకు అన్నం పెట్టిన పని గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఎవరైనా అడిగితే "మాది కార్ పెయింటింగ్ పని" అని ఒక్క మాటలో చెప్పేసి ముందుకు పోతాం. నిజానికి తాత జీవితంలో పెయింటు కొట్టిన గంటలు చాలా తక్కువ, రుద్దిన గంటలే ఎక్కువ. ఒక అంబాసిడర్ కారుకు మొత్తం రంగు మార్చాలంటే స్ప్రే గన్ను చేతిలో ఉండేది ఒక పూట. దానికి ముందు పది పన్నెండు రోజులు కాయితం, బకెట్ నీళ్ళు, చెయ్యి. ఈసారి ఆ పది పన్నెండు రోజుల చరిత్ర రాస్తాను.

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లోనే, కన్నడ అక్షరాల పక్కన పెట్టుకొని నేర్చుకున్నవి. వాక్యాలకు కన్నడ వాసన ఉంటే ఉండనీండి, మన ఇంట్లో మాట్లాడేది కూడా అట్లే కదా.

షెడ్డులో ఈ పనికి ఉన్న మాటలు వింటే బెంగళూరు మొత్తం వినిపిస్తుంది. కన్నడ హుడుగరు "ఉజ్జు" అంటారు. మనం "రుద్దు" అంటాం. ఉర్దూ మాట్లాడే టింకరింగ్ మేస్త్రీలు "ఘిసాయీ" అంటారు. తమిళ పనివాళ్ళు కాయితాన్ని "ఉప్పుత్తాళ్" అంటారు, ఉప్పు చల్లి అతికించినట్టే ఉంటుంది కాబట్టి బాగా కుదిరిన పేరు. ఇన్ని భాషల్లో ఇన్ని మాటలున్నా బిల్లు పుస్తకంలో మాత్రం ఒకటే మాట: పెయింటింగ్. టింకరింగ్‌కు ఒక గీత, పెయింటింగ్‌కు ఒక గీత, మెటీరియల్‌కు ఒక గీత. రుద్దినదానికి గీత లేదు. ఇది కూలి లెక్కకే కాదు, ఆరోగ్యం లెక్కకు కూడా అడ్డం వచ్చిందని నాకనిపిస్తుంది. దాని గురించి కిందకు వచ్చాక చెప్తాను.

అసలు రుద్దకుండా రంగు కొడితే ఏమవుతుంది? నున్నటి రేకు మీద, మెరిసే పాత రంగు మీద కొత్త రంగు పట్టదు. చూడటానికి బాగానే ఉంటుంది, ఒక ఎండాకాలం పోయాక పొరలు పొరలుగా లేస్తుంది. కాయితం గీసే సన్నటి గీతల్లోనే రంగు కాలూనుకుంటుంది. ఇది ఒక కారణం. రెండోది, మెరిసే రంగు దేన్నీ దాచదు, ఉన్న లోపాన్ని ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. ప్రైమర్ మీద కనపడని చిన్న గుంట, ఫైనల్ కోటు పడ్డాక ట్యూబ్‌లైటు నీడలో పాములాగా వంకర తిరుగుతుంది.

దీన్ని ముందే పట్టుకునే ఉపాయం ఒకటుంది, గైడ్ కోట్ అంటారు. సర్ఫేసర్ మీద నల్ల రంగును దుమ్ములాగా పల్చగా చల్లి, ఆరినాక రుద్దుతారు. ఎత్తుగా ఉన్న చోట నలుపు పోతుంది, పల్లంలో ఉండిపోతుంది. ఎక్కడ తప్పుందో బొమ్మ గీసినట్టు తెలిసిపోతుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, పన్నెండేళ్ళ సర్వీసులో ఇంత చవకైన టెస్టింగ్ టూల్ ఇంకొకటి చూడలేదు.

కాయితం వెనక పి 80, పి 400, పి 2000 అని నెంబర్లు ఉంటాయి. నెంబరు పెరిగేకొద్దీ రవ్వ సన్నం. పి 80 రవ్వ సుమారు 200 మైక్రాన్లు. పి 400 అయితే 35, పి 2000 అయితే సుమారు 10. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద అన్ని పొరలూ కలిపి రంగు మందం దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అంటే పి 80 కాయితం మీద ఉన్న ఒక్క రవ్వ ఆ మొత్తం రంగు కన్నా లావు! అందుకే నెంబర్లు ఎగరగొట్టకూడదు. 80 గీతను 180 తో, దాని గీతను 320 తో, దాన్ని 400 తో, ఇట్లా ఒకదాని గీత ఇంకొకదానితో చెరిపేసుకుంటూ పోవాలి. తొందరపడి 80 నుంచి నేరుగా 400 కు దూకినవాడి గీతలు రంగు పడిన వారానికి పైకి తేలతాయి.

ఇక చరిత్రకు వస్తాను. మోటారు కార్లు రాకముందు గుర్రబ్బండ్ల కాలంలోనే ఈ పని ఉంది, అదీ నీళ్ళతోనే. ఇంగ్లండులోను, అమెరికాలోను కోచ్ పెయింటర్లు చెక్క మీద సీసం కలిసిన దట్టమైన పూతలు ఒకదాని మీద ఒకటి వేసి, ప్యూమిస్ రాయితో నీళ్ళు పోసి రుద్దేవాళ్ళు. ప్యూమిస్ అంటే అగ్నిపర్వతం నుంచి వచ్చే తేలికైన, బొక్కలు బొక్కలుగా ఉండే రాయి. దాని తరవాత రంగు, దాని మీద వార్నిష్, మధ్య మధ్యలో మళ్ళీ రుద్దుడు. ఒక బండి తయారు కావడానికి వారాలు పట్టేది.

అప్పటికి గరుకు కాయితం లేదా అంటే ఉంది. 1830లలోనే లండన్లో జాన్ ఓకీ గాజు పొడి అతికించిన కాయితాన్ని వ్యాపారంగా చేసినాడు. కానీ దాన్ని అతికించేది జంతువుల చర్మం, ఎముకలు ఉడికించిన జిగురుతో. నీళ్ళు తగిలితే జిగురు కరిగి రవ్వ ఊడిపోతుంది. కాబట్టి కాయితంతో అయితే పొడిగానే రుద్దాలి, నీళ్ళతో అయితే రాయే వాడాలి. రాయి నున్నటి వంపుల్లోకి పోదు. కాయితం పోతుంది, కానీ దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో ఉండేది సీసం.

మన వైపు పెయింటర్లు కూడా తెల్ల సీసాన్ని సఫేదా అని, ఎర్ర సీసాన్ని సిందూరం అని వాడినవాళ్ళే. రేకుకు తుప్పు పట్టకుండా కింద కొట్టే ఎర్ర ప్రైమర్ ఆ సిందూరమే. బస్సులకు, ట్యాక్సీలకు కొట్టే పచ్చటి పసుపులో లెడ్ క్రోమేట్ ఉండేది. రంగు కొట్టేటప్పుడు సీసం తడిగా, పూతలోనే ఉండిపోతుంది. ఆరినాక రుద్దితేనే అది గాలిలోకి లేచేది.

ఈ తేడాను పట్టుకున్నవాళ్ళలో ముఖ్యమైన మనిషి ఆలిస్ హామిల్టన్ అనే అమెరికా డాక్టరమ్మ. షికాగోలో ఉండి ఫ్యాక్టరీలు, పనిచోట్లు తిరిగి చూసింది. అప్పట్లో యజమానులందరూ చెప్పే మాట ఒకటే: పనివాళ్ళు చేతులు కడుక్కోకుండా అన్నం తింటారు, అందుకే సీసం విషం ఎక్కుతుంది అని. ఆమె కాదన్నది. ముఖ్యంగా పీల్చే దుమ్ము, పొగ వల్ల ఎక్కుతుందని పట్టుబట్టింది. 1913లో పెయింటర్ల పని గురించి అమెరికా కార్మిక శాఖకు ఒక రిపోర్టు రాసింది, పొడి కాయితంతో రుద్దేటప్పుడు లేచే దుమ్ము సంగతి అందులో ఉంది. తరవాత 1919లో హార్వర్డ్‌లో పాఠం చెప్పిన మొదటి మహిళ ఆమే. తప్పును పనివాడి చేతి మురికి మీదకు తోసేయకుండా, పనిని భాగాలు భాగాలుగా విడదీసి చూసింది. పెయింటర్ అనే ఒక్క పేరులో కలిపేసి ఉంటే ఇది తెలిసేది కాదు.

1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెల్ల సీసం గురించి ఒక ఒప్పందం చేసింది. అది ఇళ్ళ పెయింటింగ్‌కు సంబంధించింది, బండ్లకు కాదు. అయినా దాంట్లో పొడిగా రుద్దడం, గీకడం వల్ల లేచే దుమ్మును ఆపాలని పేరు పెట్టి రాసినారు. మన బిల్లు పుస్తకంలో చోటు దొరకని పనికి అక్కడ దొరికింది. 1926లో బ్రిటన్ చట్టం కూడా ఇదే దారిలో వచ్చింది.

అదే 1921లో, దీనితో ఏ సంబంధం లేకుండా, అమెరికాలో ఇంకొకటి జరిగింది. ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ ఓకీ అని ఇంకుల వ్యాపారి ఉండేవాడు. లండన్ ఓకీకి ఇతనికి చుట్టరికం ఏమీ లేదు, తెలుగులో రాస్తే ఒకే రకంగా వస్తుంది అంతే. గరుకు కాయితానికి వాడే ఖనిజాల రవ్వలు అన్ని సైజుల్లో శాంపిల్ పంపమని 1920లో మిన్నెసోటాలోని త్రీఎం కంపెనీకి ఉత్తరం రాసినాడు. ఆ కంపెనీ 1902లో కొరండం గని అనుకొని ఒక కొండను కొని, తీరా అది కొరండం కాదని తెలిసి చేతులు కాల్చుకున్న కంపెనీ. కాయితం చేసి అమ్మేదే దాని బతుకు. ఒక ఇంకులవాడికి రవ్వ ఎందుకు అని మెక్‌నైట్ అనే మేనేజరుకు అనుమానం వచ్చింది, ఆరా తీసినాడు. నీళ్ళలో కరగని పద్ధతిలో రవ్వను అతికించే విద్య ఓకీ దగ్గర ఉందని తేలింది. హక్కులు కొని 1921లో వెటర్‌డ్రై అని మార్కెట్లోకి వదిలినారు. తడి అయినా పొడి అయినా అని దాని అర్థం. మన షెడ్డులో "వాటర్ పేపర్" అనేది దాని వంశమే.

దాని మీది నల్ల రవ్వ సిలికాన్ కార్బైడ్. 1890లలో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచిసన్ కరెంటు కొలిమిలో తయారుచేసి కార్బొరండం అని పేరు పెట్టినాడు. గట్టిగా ఉంటుంది, కానీ పెళుసు. రుద్దేకొద్దీ విరిగి కొత్త అంచు బయటికి వస్తుంది. నీళ్ళు ఆ ముక్కలను, రంగు మురికిని కడిగేస్తూ ఉంటే కాయితం మూసుకుపోదు, ఎక్కువ సేపు పనిచేస్తుంది.

అప్పుడే కార్ల రంగు కూడా మారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ మందుకు వాడిన నైట్రోసెల్యులోజ్‌తో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లాకర్ చేసింది. 1924 మోడల్ ఓక్‌లండ్ కార్లకు జనరల్ మోటార్స్ దాన్ని నీలం రంగులో కొట్టింది. వారాల పని రోజుల్లోకి వచ్చింది. ఫోర్డు కార్లు 1914 నుంచి 1925 దాకా నలుపే, దాని కథ వేరే. రెండు రంగుల కార్లు ఫ్యాషన్ అయ్యాయి. వెటర్‌డ్రై కాయితం పరీక్షకు ఒక షెడ్డుకు వెళ్ళిన రిచర్డ్ డ్రూ అనే త్రీఎం కుర్రవాడు, రెండు రంగుల మధ్య అంచు చెడిపోయి పెయింటర్ తిట్టుకుంటుంటే విని, 1925లో మాస్కింగ్ టేప్ చేసినాడు. అంటే మాస్కింగ్ టేప్ పుట్టింది కూడా ఈ రుద్దే కాయితం వెంబడే. డ్యూకో అనే పేరు మన దేశంలో ఎంత నాటుకుపోయిందంటే ఇప్పటికీ వార్డ్‌రోబ్‌కు స్ప్రే కొట్టినా డ్యూకో పెయింటే అంటారు.

బెంగళూరుకు వస్తే, 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సాయంతో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టినాడు. యుద్ధం అయిపోయాక విమానాల పని తగ్గి అక్కడ రైలు పెట్టెలు, బస్సు బాడీలు కట్టినారు. రేకు కొట్టేది, రివిట్ వేసేది, రంగు వేసేది తెలిసిన చేతులు ఊరు మొత్తానికి అక్కడి నుంచి చాలానే వచ్చినాయి. మదనపల్లె వైపు నుంచి వచ్చిన మన తాత, అట్లాంటి ఒక మేస్త్రీ దగ్గర కలాసిపాళ్యంలో బస్సు బాడీల షెడ్డులో పని నేర్చుకున్నాడు. మొదటి రెండేళ్ళు గన్ను ముట్టుకోనియ్యలేదట, బకెట్, కాయితం అంతే. కాయితం కూడా అప్పటికి ఇక్కడిదే దొరికేది. 1954లో మద్రాసులో మురుగప్ప కుటుంబం, అమెరికా కార్బొరండం కంపెనీ, బ్రిటన్ యూనివర్సల్ గ్రైండింగ్ వీల్ కంపెనీ కలిసి కార్బొరండం యూనివర్సల్‌ను మొదలుపెట్టినారు.

తాత పద్ధతి నాకు తెలిసినంతవరకు రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు ఎవరూ అట్లా చేయరు. గట్టిగా ఉన్న పాత రంగును పీకేవాడు కాదు. లేచిన చోట మాత్రం గీకి, రేకు నుంచి రంగు దాకా అంచును మెల్లగా ఏటవాలుగా కలిపేవాడు. వేలు ఆనిస్తే మెట్టు తగలకూడదు. దాని మీద ప్రైమర్, ఆపైన ఎన్‌సి పట్టీ. ఇంటి గోడకు పెట్టే లప్పంలాంటిదే, కానీ చాలా పల్చగా పెట్టాలి. మందంగా పెడితే ఆరేటప్పుడు కుంచించుకొని పగుళ్ళు వస్తాయి. పెట్టేది, ఆరేది, రుద్దేది, మళ్ళీ పెట్టేది. రుద్దేటప్పుడు కాయితం కింద పాత హవాయి చెప్పు అడుగు కోసిన ముక్క. ఉత్త వేళ్ళతో రుద్దితే వేళ్ళ గుర్తులు కాలువల్లా పడతాయి, చెప్పు ముక్క అయితే ఒత్తిడి సమంగా పడుతుంది. నీళ్ళలో చిటికెడు సబ్బు. మధ్యలో నీళ్ళు చల్లి, ఆ తడి మెరుపులో ఎదురుగా ఉన్న కిటికీ నీడ ఎట్లా వంగుతుందో చూసేవాడు. ఆఖరికి పాత గుడ్డ పరిచి, దాని మీద ఎడమ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకొని నిమిరేవాడు. కుడి చెయ్యి పనిచేసి చేసి మొద్దుబారి ఉంటుంది, ఎడమ చెయ్యే నిజం చెప్తుంది అనేవాడు.

వానాకాలం మాత్రం తాతకు శత్రువు. గాలిలో తేమ ఉంటే ఎన్‌సి రంగు తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది. జూలై, ఆగస్టులో కస్టమర్లతో గొడవలన్నీ దాని గురించే.

ఆ తడి పద్ధతి తాత ఊపిరితిత్తులను కాపాడింది, అది నిజం. సిందూరం ప్రైమర్లు, పసుపు బస్సులు అంతకాలం రుద్దినా ఆయనకు దగ్గు లేదు. కానీ వేళ్ళు పోయినాయి. నీళ్ళలో నాని, రవ్వకు అరిగి, వేలికొసలు గాజులాగా నున్నగా అయిపోయినాయి. చివరి రోజుల్లో రేషన్ అంగడిలో మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడేది కాదు. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టేవాడు. ఆఖరికి అవ్వ వేలుతో పని జరిగేది.

చిన్నాయన కాలానికి సామాను మారింది. అమెరికాలో 1950ల నుంచి ఉన్న పాలియెస్టర్ పట్టీ ఇక్కడి షెడ్లకూ వచ్చింది. రెండు భాగాలు కలిపి పెడితే అరగంటలో గట్టిపడుతుంది, మందంగా పెట్టినా పగలదు. వారం పని ఒక రోజుకు దిగింది. ఒక్కటే చిక్కు: దాంట్లో ఎక్కువ భాగం టాల్కం పొడి, స్పాంజిలాగా నీళ్ళు పీల్చుకుంటుంది. దాన్ని తడిపి రుద్ది పైన రంగు కొడితే, లోపలి తేమ ఎండకు ఆవిరై బొబ్బలు లేస్తాయి, కింద రేకు తుప్పు పడుతుంది. కాబట్టి పొడిగానే రుద్దాలి. దాని మీదికి వచ్చే టూకే ప్రైమర్‌ను కూడా మిషన్‌తో పొడిగా రుద్దేది అలవాటైంది. 1921లో నీళ్ళు పోసి అణిచిన దుమ్ము, కొత్త సామాను పుణ్యమా అని మళ్ళీ లేచింది.

పెద్ద వర్క్‌షాపుల్లో మిషన్‌కు గొట్టం, గొట్టానికి వ్యాక్యూమ్ ఉంటాయి. కాయితానికే బొక్కలు ఉంటాయి, దుమ్ము అక్కడికక్కడే లోపలికి పోతుంది. చిన్న షెడ్డులో మిషన్ కొంటారు, వ్యాక్యూమ్ కొనరు. మిషన్ ఉంటే పని తొందరగా అవుతుంది కాబట్టి దాని డబ్బు వెనక్కి వస్తుంది, వ్యాక్యూమ్ డబ్బు ఎవరి జేబులోకీ తిరిగి రాదు. టూకే రంగుల హార్డ్‌నర్‌లో ఉండే ఐసోసైనేట్ వల్ల ఆస్తమా వస్తుందని లోకమంతా తెలిసిన సంగతే. స్ప్రే కొట్టేటప్పుడు భయం అందరికీ ఉంది, మాస్కు పెట్టుకుంటారు. సరిగ్గా ఆరని ప్రైమర్‌ను రుద్దేటప్పుడు మాత్రం ముఖానికి ఒక కర్చీఫ్. పది మైక్రాన్ల కన్నా చిన్న దుమ్మును కర్చీఫ్ ఆపదు.

చిన్నాయనకు ఆయాసం మొదలైనప్పుడు డాక్టరు ఏం పని అని అడిగినాడు. పెయింటింగ్ అని చెప్పినారు. స్ప్రే ఎన్ని గంటలు కొడతావు అని అడిగినాడు. వారానికి నాలుగైదు గంటలు అన్నారు, అది నిజమే. అయితే అదేమంత ఎక్కువ కాదులే అని మందు రాసి పంపించినాడు. రోజుకు ఏడు గంటలు పొడిగా రుద్దుతావా అని ఆయన అడగలేదు, చిన్నాయన చెప్పలేదు. రుద్దేది వేరే పని అని ఇద్దరికీ తోచలేదు.

చట్టం సంగతి కూడా ఇట్లాగే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సీసం విషం, సిలికోసిస్ ఉండేవి, డాక్టరు చూస్తే సర్కారుకు తెలపాలని ఉండేది. కానీ నలుగురైదుగురు పనిచేసే షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. 2016లో పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని రూల్సు వచ్చినాయి, మంచిదే. అవి ఇళ్ళకు, అలంకరణకు వాడే పెయింట్ల గురించి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినా, పాత కార్లను కొత్తగా చేయించుకునేవాళ్ళు ఇప్పుడు ఎక్కువైనారు. జె.సి. రోడ్డులో పాత బండ్ల సామాను కోసం వచ్చే గుంపును చూస్తే తెలుస్తుంది. ఆ కార్ల కింది పొరల్లో తాతలాంటివాళ్ళు కొట్టిన సిందూరం ఇంకా ఉంది. దాన్ని ఇప్పటి పిల్లలు మిషన్ పెట్టి పొడిగా గీకుతున్నారు.

షెడ్డు ఇప్పుడు చిన్నాయన కొడుకు చూసుకుంటున్నాడు. పోయిన దీపావళికి ఇదంతా చెప్పినప్పుడు వాడు రెండు పనులు ఒప్పుకున్నాడు. 1980లకు ముందు కారు వస్తే పాత పొరలను తడిపి మాత్రమే రుద్దేది, పట్టీ పెట్టేది రేకు పూర్తిగా ఆరినాక. పొడి పనికి ఫిల్టరు డబ్బీలున్న రబ్బరు మాస్కు. వ్యాక్యూమ్ గురించి లెక్కలు వేస్తున్నాడు, సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నామన్నాడు. చిన్నాయన ఇప్పుడు షెడ్డుకు పొద్దున పూట మాత్రం పోయి, రంగు మ్యాచింగ్ చూసి వచ్చేస్తాడు.

కలాసిపాళ్యం షెడ్డు ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే స్కాన్ చేసి పంపండి. పెద్దత్త దగ్గర ఒక ఆల్బమ్ ఉండాలి. తాత పాత బిల్లు పుస్తకాలు 1978 నుంచి 1985 దాకావి నా దగ్గర ఉన్నాయి, అంతకు ముందువి ఎవరింట్లో అటక మీద ఉన్నాయో చూడండి.